ఒంటిచెవి దొర మీద కెరసూలా తీసిన శోకం

మా రేవు చౌకులో ఒక రాతి స్తంభం ఉంది. దాని మీద కర్నల్ హార్‌బాటిల్ దొరగారి చరిత్ర అంతా చెక్కించారు. ఎక్కడ పుట్టాడు, ఏ యుద్ధంలో ఎవరిని కొట్టాడు, ఏ దేశంలో ఏ పదవి వెలగబెట్టాడు, చివరికి మా లిథారి దీవికి గవర్నరై ప్రజల్ని ఎంత చల్లగా చూసుకున్నాడు, అన్నీ ఉన్నాయి. ఆ చివరి వాక్యం మీద పావురాలు తమ పని తాము చేసుకుపోతుంటాయి. ఇంగ్లీషువాళ్ళు ఓడలెక్కి వెళ్ళిపోయి ఏళ్ళు గడిచినా, పడగొట్టే ఓపిక ఎవరికీ లేక అది అలాగే నిలబడి ఉంది.

కెరసూలాకు స్తంభం లేదు. అందుకే ఆమె సంగతి నేను చెప్తున్నాను. ఆమె శోకం తీస్తుంటే పక్కన కూర్చుని వంత పాడినదాన్ని నేను, రెజీనాను. ఇందులో దొరగారి చరిత్ర కూడా వస్తుంది. రాకుండా ఎలా ఉంటుంది? ఆ పెద్దమనిషి చరిత్రను ఈ దీవిలో అందరికంటే బాగా పాడింది ఆమే.

మనిషి చూడబోతే పిడికెడు. గొంతు విప్పిందంటే లోయ అవతలి గాడిదలు కూడా మేత ఆపేవి. శోకాలు తీయడం వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. మా దీవిలో మనిషి పోతే వాడి బతుకంతా పాట కట్టి, వాడి తలాపున కూర్చుని పాడాలి. మంచివాడైతే మంచిగా, పిసినారి అయితే పిసినారి అనే పాడాలి. కాకపోతే ఆ పిసినారితనాన్ని కూడా కాస్త ప్రేమగా పాడాలి. పిండిమర ఆడించే స్తాథిస్ పోయినప్పుడు కెరసూలా, "నీ దొంగ తూనిక రాయి నీతోనే పట్టుకుపో నాయనా, పైన నీ పాపాలు తూచేటప్పుడు పనికొస్తుంది" అని రాగం తీసింది. వాడి పెళ్ళాం ఏడుస్తూ ఏడుస్తూ నవ్వేసింది. నవ్వుతూ వచ్చి కెరసూలాను ముద్దుపెట్టుకుంది.

శోకానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. మొదలయ్యాక మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు, ఆఖరికి పాదిరి కూడా. ఏ శవం దగ్గర కూర్చున్నా తన ఇంట్లో పోయినవాళ్ళకు కబురు పంపుకునే హక్కు పాడేవాళ్ళకు ఉంటుంది, ఆ పోయిన మనిషి ఎలాగూ ఆ దారినే వెళ్తున్నాడు కదా. పాడే మనిషి భుజం మీదికి జార్చుకున్న నల్ల ముసుగును తిరిగి తలమీదికి లాక్కుని "ఇక వెళ్ళిరా" అనేదాకా శవాన్ని కదపకూడదు. కదిపితే ఏడాది తిరక్కుండా ఆ ఇంట్లో ఇంకో శవం లేస్తుంది. ఇది మా దగ్గర పసిపిల్లకైనా తెలుసు.

కెరసూలా మొగుడు పడవతో సహా సముద్రంలో పోయాడు, శవం కూడా దొరకలేదు. మిగిలింది కొడుకు పనాగిస్ ఒక్కడే. ఒక్కచోట కాలు నిలిచేది కాదు వాడికి. చెట్టెక్కనిదే కాయ తినేవాడు కాదు. గుడి గంట మోగించే పని వాడికి అప్పగించారు, ఎందుకంటే ఎంత వద్దన్నా గంటస్తంభం ఎక్కి కూర్చునేవాడు. తల్లి చిన్న ద్రాక్ష ఎండబెట్టే కళ్ళాల్లో కూలికి పోయేది. సాయంత్రం గంట వినపడగానే, "అదిగో, మా కోతి ఇంకా పడలేదు" అని నడుం ఎత్తేది.

ఇక దొరగారు. ఆయన చరిత్ర మాకెలా తెలుసంటారా? ఏటా రాణిగారి పుట్టినరోజున చౌకులో దండోరా వేసేవాడు దాన్ని చదివి వినిపించేవాడు. మేము టోపీలు తీసి ఎండలో నిలబడి వినాలి. అలా మాకు కంఠతా వచ్చేసింది. ఇంగ్లాండులో వానలు కురిసే ఊళ్ళో రెండో కొడుకుగా పుట్టాడు. భూములన్నీ అన్నకు పోయాయి. మేనత్త దయదలచి సైన్యంలో ఉద్యోగం కొనిపెట్టింది. స్పెయిన్ కొండల్లో ఫ్రెంచివాళ్ళతో పోరాడి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. తరవాత చెరకు పండే ఏదో దీవిలో బానిసల మీద అజమాయిషీ. అక్కడ మెచ్చుకుని మా మీదికి గవర్నరుగా తోలారు. వచ్చాడు, రోడ్డు వేయించాడు. రాళ్ళు మోసింది మేము, రోడ్డుకు పేరు ఆయనది. రోడ్డు బాగుంది, కాదనను.

మేము ఆయనకు ఒంటిచెవి దొర అని పేరు పెట్టుకున్నాం. ఎవరైనా మొర పెట్టుకోవడానికి వెళితే తల కుడివైపు తిప్పేవాడు. చెవి లేని వైపే మాకు దక్కేది.

పంట పోయిన ఏడాది వచ్చింది. సిన్యోర్ కొరాఫా మా ఊరి ద్రాక్షతోటలన్నీ తన పేర రాయించుకోవడానికి మనుషుల్ని తోలాడు. దీవిలో ఆయనదే పెద్ద ఇల్లు, దొరకు కుడిభుజం, మా భాష ఇంగ్లీషులోకి తిప్పి చెప్పేది కూడా ఆయనే. మనుషులు కొండెక్కుతుండగా పనాగిస్ గంటస్తంభం మీంచి చూసి గంట కొట్టాడు. కొట్టడమంటే, చేతులు పడిపోయేదాకా కొట్టాడు. ఊరంతా లేచింది, పక్క ఊళ్ళు లేచాయి. ఆ గొడవలో కొరాఫా గిడ్డంగి తగలబడింది. మనిషి ఒక్కడు చావలేదు, ఎండు ద్రాక్ష కాలింది, అంతే.

దొర సైనిక చట్టం పెట్టాడు. ఇళ్ళు కూల్చాడు, ద్రాక్ష తీగలు వేళ్ళతో పీకించాడు, కొరడాలతో వీపులు చీల్పించాడు. ఏడుగురిని కోట గుమ్మం ముందు ఉరితీయించాడు. గంట కొట్టినందుకు పనాగిస్ కూడా అందులో ఉన్నాడు. శవాలు తల్లులకు ఇవ్వలేదు. కోట కందకంలో గొయ్యి తీసి సున్నం పోసి కప్పేశారు. వాళ్ళ మీద శోకం తీసినవాళ్ళకు జైలు అని మళ్ళీ దండోరా.

మా దగ్గర పాతిపెట్టిన మనిషిని మూడేళ్ళు నిండాక పైకి తీస్తాం. ఎముకల్ని ద్రాక్షసారాయితో కడిగి, గుడి వెనక గదిలో తనవాళ్ళ మధ్య పెడతాం. అప్పటిదాకా వాడు దారిలో ఉన్నట్టే, ఇల్లు చేరనట్టే. మూడేళ్ళు నిండగానే కెరసూలా కోటకు వెళ్ళింది, నా బిడ్డను నాకివ్వండి అని. దొర తల కుడివైపు తిప్పాడు. మరుసటి ఏడు వెళ్ళింది, తల కుడివైపే తిరిగింది. ఆ మరుసటి ఏడు సిపాయిలు గుమ్మంలోనే ఆపేశారు.

"అత్తా, రాతికి మొక్కినా ఇంతకంటే నయం" అన్నాను, తిరిగొస్తున్న దారిలో.

"రాయి చస్తుందటే?" అంది కెరసూలా. "వీడు చస్తాడు."

చచ్చాడు. ఆగస్టు ఎండలో కవాతు చూస్తూ గుర్రం మీంచి జారి పడి, సాయంత్రానికల్లా పోయాడు. వార్త తెలిసి ఊళ్ళో ఎవరూ పండగ చేసుకోలేదు, కానీ ఆ రోజు మా ఇళ్ళల్లో కూరలు కొంచెం రుచిగానే కుదిరాయి.

మర్నాడు పొద్దున్నే కొరాఫా స్వయంగా కొండెక్కి కెరసూలా గుమ్మంలోకి వచ్చాడు. నేను అక్కడే బీన్సు ఒలుస్తున్నాను. ఆయనకు చెమటలు పడుతున్నాయి, ఎండకు కొంత, మాకు కొంత.

"కెరసూలా, దొరసానిగారు కబురు పంపారు. దొరగారి దగ్గర మన పద్ధతిలో శోకం తీయాలట. శవపేటిక మన పడవవాళ్ళే మోయాలట. ప్రజలు ఆయన్ని ఎంతగా అభిమానించారో లండన్‌కు తెలియాలి కదా."

"లండన్‌కు వినపడేంత గట్టిగా పాడాలంటారా?" అంది కెరసూలా.

"వెటకారాలొద్దు. నువ్వు రాకపోతే ఊరి మీద ఏం పడుతుందో నేను చెప్పలేను."

"ఇంకేం పడాలయ్యా, కొండ తప్ప అన్నీ పడ్డాయిగా. సరే, వస్తాను. కానీ మన పద్ధతి అన్నారు. మొత్తం పద్ధతీ మనదే జరగాలి. ఒప్పుకున్నట్టేనా?"

"పాడతావు, ఏడుస్తావు, వెళ్ళిపోతావు. అంతేగా. ఒప్పుకున్నాం."

ఆయనది మా దీవి పుట్టుకే. కానీ ఇటలీలో చదివి, ఇంగ్లీషువాళ్ళతో భోంచేసి, సొంత ఇంట్లో శవం దగ్గర కూడా కుర్చీ వేసుకుని బయట కూర్చునే రకం. శోకంలో ఏముంటుందో మర్చిపోయాడు. అడగడానికి వచ్చిన మనిషి ఏం అడుగుతున్నాడో తెలుసుకోలేదు.

ఈ వార్త ఊళ్ళో పాకింది. ఉరితీసిన వాళ్ళలో ఇంకొకడి తల్లి, డయామంతో అనే ఆవిడ, మా దారికి అడ్డంగా నిలబడింది.

"సిగ్గులేదటే నీకు? నీ కొడుకుని మింగినవాడి దగ్గర కూర్చుని ఏడుస్తావా?"

"నువ్వూ రావే," అంది కెరసూలా. "నల్లబట్ట కట్టుకుని రా. నీవాడికి కబురేమైనా ఉంటే తెచ్చుకో."

మేము మలుపు తిరిగేలోపు మా వెనక చెప్పుల చప్పుడు వినపడింది. ఒక జత కాదు.

గవర్నరు బంగళా హాలులో శవపేటిక మూత తీసి పెట్టారు. చుట్టూ తెల్ల దొరలు మెడలు బిగించుకుని నిలబడ్డారు. దొరసాని తలాపున నల్ల గుడ్డలో కూర్చుని ఉంది, కళ్ళలో నీళ్ళు లేవు. పక్కన మేజర్, కొత్త గవర్నరు వచ్చేదాకా పెత్తనం ఆయనదే. గుమ్మం దగ్గర మా పడవవాళ్ళు టోపీలు చేతిలో పట్టుకుని ఉన్నారు. కెరసూలా చుట్టూ చూసి, దొరగారి మెత్తని కుర్చీ ఒకటి శవం పక్కకు లాక్కుని కూర్చుంది. ముసుగు భుజం మీదికి జార్చి, నెరిసిన జడ విప్పి, మొదలుపెట్టింది.

"వానల ఊళ్ళో పుట్టినవాడా, రెండో కొడుకా,
అన్నకు మాగాణి దక్కింది, నీకు మేనత్త కత్తి దక్కింది.
స్పెయిన్ కొండల్లో చెవి పారేసుకున్నావు, వెతికి తెచ్చిందెవరయ్యా?
చెరకు దీవిలో కొరడా పట్టావు, చెయ్యి నొప్పి పెట్టలేదటయ్యా?"

దొరసాని కొరాఫా వైపు చూసింది.

"దొరగారి యుద్ధాలు, పదవులు, శౌర్యం... అన్నీ వర్ణిస్తోందమ్మగారూ," అన్నాడు కొరాఫా ఇంగ్లీషులో. అది అబద్ధం కూడా కాదు. మేజర్ మెచ్చుకోలుగా తలాడించాడు.

"మా దీవికొచ్చి రోడ్డు వేశావు, రోడ్డు బాగుంది తండ్రీ,
దాని మీద మొదట నడిచింది నా కొడుకే, చేతులు వెనక్కి కట్టి.
గంట కొట్టిన చేతులవి. గంటకు గొంతుంటుందని కోపమొచ్చిందా?
గంటను వదిలేసి పిల్లాడిని వేలాడదీశావు, రెండూ ఒకటేననుకున్నావా?"

కొరాఫా మొహం పాలిపోయింది. "రోడ్డు గురించి..." అని గొణిగాడు. మేము వంత అందుకున్నాం. డయామంతో గొంతు నా చెవిలో చీల్చుకుని వచ్చింది. ఏడుగురి ఇళ్ళ ఆడవాళ్ళూ అక్కడున్నారు. శోకం తీస్తే జైలు అన్న ఆ ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటే గవర్నరు పైకప్పుకి తగులుతున్నాయి.

"బతికుండగా చెవి లేని వైపు తిప్పావు, ఇప్పుడెటు తిప్పుతావు?
పోయే దారిలో ఒక కుర్రాడు కనపడతాడు, మెడ ఒక పక్కకి వాలి ఉంటుంది,
ముందు పన్ను సగమే ఉంటుంది, బాదంకాయ కొరికి విరిగింది.
మీ అమ్మ మా ఇంటికొచ్చింది, నా కుర్చీలో కూర్చుందని వాడికి చెప్పు.
నన్నెందుకు ఇల్లు చేరనివ్వలేదని వాడు అడుగుతాడు.
అక్కడ ఏం చెప్తావో అదేదో ఇక్కడే చెప్పు. నేను వింటాను. కూర్చున్నాను."

కూర్చుంది. ముసుగు తీసుకోలేదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది, వానల ఊరు, మేనత్త కత్తి. మూడోసారి ఎత్తుకునేసరికి బయట బ్యాండువాళ్ళు నిలబడి నిలబడి నేలమీద కూలబడ్డారు. ఎండ నడినెత్తికి వచ్చింది. హాలులో పూల వాసన కింద ఇంకో వాసన మొదలైంది. మేజర్ జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని కొరాఫాను పిలిచాడు.

"ఎత్తమను" అన్నాడు.

కొరాఫా పడవవాళ్ళ దగ్గరకు వెళ్ళాడు. వాళ్ళ పెద్ద, నికోలిస్ అనే బండమనిషి, తల అడ్డంగా ఊపాడు.

"ముసుగు వేసుకోలేదు కదయ్యా ఆవిడ."

"ఎంత కావాలిరా మీకు?"

"ఏడాదిలోగా ఈ ఇంట్లో ఇంకొకరు పోతే దొరసానమ్మకు మీరు సమాధానం చెప్తారా? మేము ముట్టుకోం."

మేజర్‌కు కోపం వచ్చి సిపాయిల్ని పిలిచాడు. బూట్లు టకటకమని లోపలికి వచ్చాయి. కెరసూలా గొంతు ఇంకో మెట్టు పైకెక్కింది. అప్పుడు దొరసాని లేచి సిపాయిల ముందు చెయ్యి అడ్డం పెట్టింది.

కొరాఫా పరుగున వచ్చాడు. "అమ్మగారూ, అజ్ఞానుల పాట, మీరు పట్టించుకోకండి, ఆవిడ అనేదేమిటంటే..."

"నీ మాట నాకు అవసరం లేదు," అంది దొరసాని, మా భాషలో, వంటింటి యాసలో. "తొమ్మిదేళ్ళు పనిమనుషులతో మాట్లాడింది ఎవరనుకున్నావు? పొద్దుటి నుంచీ నువ్వు చెప్పినవన్నీ విన్నాను. ఆమె చెప్పినవీ విన్నాను."

కెరసూలా పాట ఆపి చూసింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. అందులో ప్రేమేమీ లేదు, ఎవరైనా ఉందని చెప్తే నమ్మకండి.

"నువ్వు ముసుగు వేసుకోవడానికి ఏం కావాలి?" అంది దొరసాని.

"నావాడు ముందు లేవాలి. తరవాత నీవాడు."

"నా భర్తను తిట్టావు."

"తిట్టలేదమ్మా. మీ దండోరావాడు చదివేదే పాడాను. వాడు వదిలేసినవి కలిపాను."

దొరసాని మేజర్ వైపు తిరిగి ఏదో అంది. మేజర్ కుదరదన్నాడు. ఆమె ఇంకోసారి అంది, ఈసారి చాలా నెమ్మదిగా. తరవాత మాకు అర్థమయ్యేలా అంది: "నా భర్త దారిలో ఈ ఏడుగురూ ఎదురవడానికి వీల్లేదు. వీళ్ళవాళ్ళను వీళ్ళకిచ్చి పంపండి. తీసుకుని పొమ్మనండి."

మేజర్ కాగితం మీద సంతకం పెట్టలేదు. పెడితే చిక్కు వస్తుందని తెలుసు. సిపాయిలకు పారలిచ్చి కందకంలోకి పంపాడు, అంతే. సిపాయిల కంటే ముందు మా పడవవాళ్ళు పరుగెత్తారు. ఉరి రోజున దగ్గర నిలబెట్టిన ముసలి పాదిరి ఎవరు ఎక్కడున్నారో చూపించాడు. సున్నం చాలా తినేసింది. చేతికొచ్చినవి చిన్న చిన్న మూటలు. సముద్రం వైపు చివరనున్న తలను నికోలిస్ పైకి తీసి, దవడ మీద మట్టి తుడిచి, పైకి అరిచాడు:

"అత్తా! పన్ను సగమే ఉంది!"

కెరసూలా తిరిగి హాలులోకి వెళ్ళింది. ఆమె ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. దొర నుదుటి మీద మూడు వేళ్ళు ఉంచి, ముసుగు తలమీదికి లాక్కుంది. "ఇక వెళ్ళిరా" అనబోయింది. గొంతు పెగల్లేదు. పెదాలు కదిలాయి. నికోలిస్‌కు అది చాలు. పేటిక లేచింది, బ్యాండు లేచింది, రోడ్డు మీద ఊరేగింపు సాగింది.

మేము ఎవరమూ దాని వెంట వెళ్ళలేదు. కోట గుమ్మం ముందు, ఉరికొయ్యలు నాటిన చోటే, చాపలు పరుచుకుని కూర్చున్నాం. ఎవరో సారాయి తెచ్చారు. కెరసూలా తన బిడ్డ ఎముకలు ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని కడిగింది, చంటివాడికి నీళ్ళు పోసినంత పదిలంగా. తెల్లగుడ్డ మీద పేర్చింది. అందరం ఆమె వైపు చూశాం. ఇన్నేళ్ళూ దీవిలో ప్రతి చావుకీ పాట కట్టిన మనిషి, తన కొడుక్కి ఏం కడుతుందోనని.

నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతంతా ఆ దొర మీద ఖర్చయిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది, మెడ నరాలు ఉబ్బాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఒంటిచెవివాడు పోతూ పోతూ అది కూడా పట్టుకుపోయాడు అనిపించింది. నేను అందుకుంటాలే అత్తా అని ముందుకు వంగాను.

ఆమె నా మోచెయ్యి పట్టుకుని చెవిలో గుసగుసగా అంది: "పెళ్ళికాని పిల్లాడే. ఏడుపేంటే వాడికి? ఫిడేలువాణ్ణి పిలువు."

పెళ్ళి కాకుండా పోయినవాణ్ణి పెళ్ళికొడుకులా సాగనంపడం మాకుంది. అది నాకెందుకు తట్టలేదో తెలియదు. ఫిడేలువాడు కోట గోడ మీది సిపాయిల్ని చూసి తటపటాయించాడు. డయామంతో వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. వాడు పెళ్ళిపాట ఎత్తుకున్నాడు. మొదట వంకరగా, తరవాత బాగా. ఎవరో తులసిరెమ్మలు తెంపి దండ చుట్టారు. కెరసూలా కొడుకు మూటకు దండ వేసి, రెండు చేతుల్లోకి ఎత్తుకుని లేచి నిలబడింది. మేము ఆమె చుట్టూ వలయం కట్టి అడుగు వేశాం.

సరిగ్గా అప్పుడే అవతల ఇంగ్లీషువాళ్ళ స్మశానంలో దొరను గోతిలోకి దించినట్టున్నారు. మా తలల మీద కోట ఫిరంగి పేలింది. గవర్నరుకు సైనిక మర్యాద. మళ్ళీ పేలింది. ఫిడేలువాడు బెదిరి ఆపబోయాడు.

మా దీవిలో పెళ్ళికొడుకు గుడి గుమ్మం దాటుతుంటే తుపాకులు పేలుస్తారు. పేదవాళ్ళ పెళ్ళిలో ఒకటో రెండో. ఫిరంగులు పేలిన పెళ్ళి ఎవరూ కనీవినీ ఎరగరు.

కెరసూలా తల పైకెత్తి, కోట గోడ మీద పొగలోంచి చూస్తున్న సిపాయిల్ని చూసింది. లేని గొంతుతోనే అరిచింది. దగ్గరున్న మాకు వినపడింది.

"కాల్చండ్రా! ఇంకా కాల్చండి! నా కొడుకు ఇంటికొస్తున్నాడు!"